చావింటి పశువులు

డ్రమ్‌లాహన్, రాస్‌కామన్ కౌంటీ
నవంబరు 4

అట్రాక్టా అక్కకి,

విన్నీ అత్త ఇంకా ఉంది. చెంచాతో పోస్తే టీ మింగుతుంది. జపమాల చేతిలో పెడితే వేళ్లు వాటంతటవే కదులుతాయి. మనిద్దర్నీ పెంచిన మనిషి నిన్న నన్ను చూసి, "ఎవరమ్మా, పాలకొచ్చావా?" అంది. అవునన్నాను. ఏమంటాను మరి?

ఈ ఏడు వాన వదల్లేదు. పొలంలో గడ్డి నీళ్లలో కుళ్లింది. కోడెలు పక్కటెముకలు తేలి, చూడ్డానికి నాకే సిగ్గేసేలా ఉన్నాయి. ఎప్పటికన్నా ముందే కొట్టంలోకి తోలేశాను. కబేళా వాడు క్రిస్మస్ లోపల కావాలంటున్నాడు, ఆ తర్వాతైతే వాడికి మన ఊసే అక్కర్లేదు. పాతరేసి పులియబెట్టిన వట్టి గడ్డితో ఇవి కండపట్టవు. బార్లీ పోయాల్సిందే. పోస్తున్నాను. నిదానంగానే పెంచుతున్నాను, నువ్వు మఠంలో కూర్చుని బెంగపెట్టుకోకు.

పక్క పొలం డిన్నీ కిల్లొరాన్ రోజూ మన గేటు మీద మోచేతులు ఆనించి నీతులు చెబుతున్నాడు. "వాటి పొట్టకి క్రిస్మస్ ఎప్పుడో తెలీదు పిల్లా" అంటాడు. "నీ మూడు కోడెల్నీ నువ్వు మేపుకో, నావి నేను మేపుకుంటా" అన్నాను. డెబ్బై దాటినా నోరు ఆగదు. ఒంటి మనిషి, ఏం తోస్తుంది. ఊళ్లో ఎవరింట చావొచ్చినా కొట్టం అప్పగించడానికి ముందు ఆయన గడపే ఎక్కుతారు కదా, దాంతో ఊళ్లో పశువులన్నీ తనవే అనుకుంటాడు.

ఉంటాను. అత్త పిలుస్తోంది, పాల కోసం వచ్చిన అమ్మాయిని.

డింప్నా


క్లూనారా మఠం, వాటర్‌ఫర్డ్ కౌంటీ
నవంబరు 11, పునీత మార్టిన్ పండుగ

డింప్నా,

అత్త పేరు రోజూ సాయంకాలపు ప్రార్థనలో చదువుతున్నాం. ఆమెకు నొప్పి లేదంటే ఆ పుణ్యం నీ చేతులది.

నిదానంగా పెంచుతున్నానన్నావు. ఎంత నిదానమో రాయలేదు. నువ్వు తొందరమనిషివి కనుక అడుగుతున్నాను.

మఠం పశువుల పని నాకప్పగించి చాలా ఏళ్లయింది. వాటి దగ్గర నేర్చుకున్నది ఒకటే. మనం మేపేది పశువుని కాదు, దాని పెద్దపొట్టలో కాపురం ఉండే కోటానుకోట్ల జీవాల్ని. వేసవంతా గడ్డి తిన్న పశువులో గడ్డిని అరిగించేవే ఉంటాయి. ఒక్కసారిగా గింజ పడితే, గింజ మీద బతికేవి పెచ్చుమీరి పులుపు కక్కుతాయి. ఆ పులుపుకి గడ్డివి చచ్చిపోతాయి. పొట్ట గోడ పుండవుతుంది. ఆ పులుపునే తిని బతికే మరో రకం ఉంది, పశువుని కాపాడేవి అవే. కానీ అవి మెల్లగా పెరుగుతాయి. వాటికి మూడు వారాలైనా వ్యవధి ఇవ్వాలి. కబేళా వాడు ఇవ్వడు. నువ్వు ఇవ్వాలి.

పేడ చూడు. బూడిదరంగులో నురగగా ఉంటే బార్లీ తగ్గించు.

అక్క


డ్రమ్‌లాహన్
డిసెంబరు 1

అక్కా,

అత్త సమాధి రోజు నువ్వు ఉన్నది ఒక్క మధ్యాహ్నం. శాండ్‌విచ్ సగం తిని బస్సెక్కావు. ఆ మర్నాడు ఏం జరిగిందో ఈ ఉత్తరంలో చదువుకో.

తెల్లారి కొట్టం తలుపు తీస్తే రెండు కోడెలు పడున్నాయి. ఒకటి అప్పటికే చచ్చింది, పొట్ట డప్పులా బిగిసి. ఇంకోటి తల డొక్కలోకి తిప్పుకుని పళ్లు నూరుతోంది. మిగతావి తాగినవాళ్లలా తూలుతున్నాయి. కొట్టమంతా పుల్లటి కంపు. సాయంత్రానికి నాలుగు పోయాయి.

ఎవరి చలవో తెలుసా? డిన్నీ కిల్లొరాన్.

శవం ఇంట్లో ఉన్నన్నాళ్లూ ఇంటివాళ్లు పార ముట్టకూడదు, పొరుగువాళ్లే అన్నీ చెయ్యాలి. మన ఊరి మర్యాద. నేనూ మర్యాదగానే శవం పక్కన కూర్చుని, వచ్చిన ప్రతివాడి చేతినీ పట్టుకుని, "అవును, ప్రశాంతంగా పోయింది" అని గొంతు పోయేదాకా చెప్పాను. కొట్టం ఆయనకి అప్పగించాను. రెండిటికి ఒక బకెట్ బార్లీ అని చెప్పాను. స్పష్టంగా చెప్పాను.

ఆయన్ని పిలిపించి వాకిట్లో నిలబెట్టాను.

"ఎంత పోశావు?"

"నువ్వు చెప్పినంతేననుకుంటా పిల్లా."

"అనుకుంటావా? అనుకుంటే చచ్చాయా ఇవి?"

టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. కోడెల్ని చూశాడు, నన్ను చూశాడు. "మనసు బాగాలేదు ఆ రోజు, విన్నీ నేనూ ఒకే బడి" అన్నాడు. "ఎక్కువ పోశానేమో. పోసే ఉంటాను. లేకపోతే ఇవెందుకు పోతాయి?"

తనే ఒప్పుకున్నాడు. నేను అనిపించలేదు. పోస్టాఫీసు బెర్నీ అక్కడే ఉంది, అడుగు కావాలంటే.

పశువుల డాక్టరు టాన్సీ వచ్చి ఒకదాన్ని వాకిట్లోనే కోసి చూశాడు. పెద్దపొట్ట గోడ తొక్క ఊడొస్తోంది. కార్జం నిండా చీముగడ్డలు, ఒక్కోటి కోడిగుడ్డంత, పైన తోలు కట్టి. ఇదంతా ఆ ముసలాయన నిర్వాకం. ఊరంతా తెలియాలి, తెలిసింది కూడా. నేను దాచలేదు.

మిగతావాటికి వంటసోడా తాగించి, ఎండుగడ్డి మీద పెట్టాం. బతుకుతాయన్నాడు టాన్సీ.

నువ్వు ప్రార్థించు. నేను పేడ ఎత్తుతాను. ఎవరి పని వాళ్లది.

డింప్నా


క్లూనారా మఠం
డిసెంబరు 6

డింప్నా,

నాలుగు పోయాయంటే ఎంత కష్టమో నాకు తెలుసు. శవం పక్కన నువ్వొక్కదానివే కూర్చున్నావని కూడా తెలుసు. మఠం నియమం ఒక్క రోజే ఇచ్చింది. అది నాకూ బరువే.

ఒక మాట అడుగుతాను, కోపగించకు.

కోడిగుడ్డంత గడ్డలన్నావు. పైన తోలు కట్టి ఉన్నాయన్నావు. పుండైన పొట్టగోడ నుంచి క్రిములు రక్తంలోకి దిగి, కార్జం చేరి, గడ్డకట్టి, దాని చుట్టూ అంత మందం పొర పట్టడానికి వారాలు కావాలి. డిన్నీ మన కొట్టంలో ఉన్నది అత్త పోయిన సాయంత్రం నుంచి సమాధి అయ్యేదాకా.

కోసి చూసినప్పుడు టాన్సీ నీతో ఏమన్నాడు? అన్నీ రాశావు. అదొక్కటీ రాయలేదు.

అక్క


డ్రమ్‌లాహన్
డిసెంబరు 19

సిస్టర్ అట్రాక్టా గారికి,

అక్కా అని రాయబుద్ధి కాలేదు. విచారణాధికారికి ఎలా రాయాలో నాకు తెలీదు.

టాన్సీ ఏమన్నాడా? చలిగా ఉందన్నాడు. చేతులు కడుక్కోడానికి వేణ్ణీళ్లడిగాడు. చాలా?

నువ్వు పందొమ్మిదేళ్లకి గోడ వెనక్కి వెళ్లి తలుపేసుకున్నావు. నీకు గంట కొడితే అన్నం, గంట కొడితే నిద్ర. మీ పశువులు లావెక్కకపోతే ఏమవుతుంది? ఇంకో పాట పాడతారు. ఇక్కడ నేను అత్త పక్కబట్టలు ఉతికి, కొట్టం కడిగి, కబేళా వాడి బూతులు వినాలి. మూడు వారాలు వ్యవధి ఇవ్వాలట. ఎవరిచ్చారు నాకు వ్యవధి? వాన ఇచ్చిందా? అత్త ఇచ్చిందా?

డిన్నీ సంగతి అడుగుతావు కదా, నేనే చెప్తాను. పూజకి రావడం మానేశాడు. పోయిన గురువారం కూడలి దగ్గర టమ్నీ వాళ్లింట్లో పెద్దావిడ పోయింది. పశువులకి ఆయన్ని పిలవలేదు. పిలవకపోయినా వచ్చాడట, టోపీ చేత్తో పట్టుకుని గేటు బయట నిలబడ్డాడట. టమ్నీ కొడుకు వెళ్లి, "వద్దులే డిన్నీ, మా బావ చూసుకుంటున్నాడు" అన్నాడట. అక్కడున్నవాళ్లెవరో, "ఇంకా నాలుగు చావాలేమో" అన్నారట. నేననలేదు ఆ మాట. నేను అక్కడ లేను.

ఆ మర్నాడు పట్టపగలు తన మూడు కోడెల్నీ రోడ్డు మీద తోలుకుని మన వాకిట్లోకి తెచ్చాడు. "ఇవి నీవి" అన్నాడు. "పోయింది నాలుగు, నా దగ్గర మూడే ఉన్నాయి, ఇంకోటి దూడల కాలంలో ఇస్తా" అన్నాడు. వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు. నేను అడగలేదు. ఆయన తెచ్చాడు, నేను గేటు వేశాను. నష్టపోయింది నేను కాదా? బెర్నీ కూడా న్యాయమే అంది.

వాటిని గడ్డి మీంచి బార్లీకి మెల్లమెల్లగా మారుస్తున్నాను. నీ లెక్క ప్రకారమే. సంతోషమా?

మిగతావి కబేళాకి వెళ్లిపోయాయి. క్రిస్మస్ శుభాకాంక్షలు.

డింప్నా


క్లూనారా మఠం
డిసెంబరు 23

డింప్నా,

గేటు వేశావు.

ఆ మాట చదివి ప్రార్థనకి వెళ్లాను. తిరిగొచ్చి ఇది రాస్తున్నాను.

నా మీద అన్నవన్నీ అను. కొన్ని నిజం. కానీ వాటిని అడ్డంపెట్టుకుని డిన్నీ కోడెల్ని నీ కొట్టంలో కట్టుకోకు.

నేను చెప్తాను, కాదంటే కాదను. పొలం నుంచి తోలిన మొదటి వారమే నువ్వు నిండు గాడి బార్లీ పోశావు. అత్త పోయేనాటికే వాటి పొట్టలు పుండ్లు. డిన్నీ నువ్వు చెప్పినంతే పోశాడు. నువ్వు చెప్పిందే ఎక్కువ. టాన్సీ ఆ సంగతి వాకిట్లో నిలబడి నీతో చెప్పాడు. నువ్వు విన్నావు. విని కూడా బెర్నీ ముందు ఆ ముసలాయన్ని నిలబెట్టావు.

ఆ ఊళ్లో ఆయనకేముందో నీకు తెలుసు. భార్య లేదు, బిడ్డ లేదు, రాళ్ల పొలం. చావింటివాళ్లు కొట్టం తాళం తెచ్చి ఆయన చేతిలో పెడతారు, ఉన్నది అదొక్కటే. మన అమ్మానాన్నలు పోయిన రోజున నీకు నాలుగేళ్లు. మన ఆవులకి పాలు పితికిందెవరు? అత్తనడిగితే చెప్పేది.

నువ్వు చంపింది నాలుగు కోడెల్ని కాదు.

అవి డిన్నీ గేటు లోపలికి వెళ్లేదాకా, ఎందుకు వెళ్లాయో ఊరు వినేదాకా, నాకు ఉత్తరం రాయకు. వచ్చినా విప్పను. నీ కోసం ప్రార్థిస్తాను. కోపంతో కూడా ప్రార్థించొచ్చు, కీర్తనల్లో సగం అలాంటివే.

అట్రాక్టా


డ్రమ్‌లాహన్
జనవరి 8

అక్కా,

విప్పు. తోలేశాను.

నీ ఉత్తరం పొయ్యిలో వేశాను ముందు. క్రిస్మస్ నాడు ఒక్కదాన్నే పందిమాంసం ఉడకబెట్టుకుని, తినలేక కుక్కకి వేశాను. నీ మీద ఎంత కోపమొచ్చిందంటే, బస్సెక్కి వచ్చి మీ మఠం గంట ఊడబీకాలనిపించింది. కొట్టంలోకి వెళ్తే ఆయన కోడెలు మూడూ నన్ను చూసి లేచి నిలబడతాయి. వాటికేం తెలుసు? పచ్చిగా చెప్పాలంటే వాటి మొహం చూడలేకే తోలాను, నీ మాటకి కాదు.

నువ్వు రాసింది నిజం. మొదటి వారమే నిండుగా పోశాను. పేడ బూడిదరంగులోకి తిరిగింది, నురగ కట్టింది, చూశాను. ఇంకో పది రోజులు లాగితే చాలు, కబేళాకి వెళ్లిపోతాయి కదా అనుకున్నాను. టాన్సీ ఆ గడ్డని కత్తితో కోసి, "ఇది నిన్నటిది కాదు డింప్నా, డిన్నీని ఎందుకంటావు?" అన్నాడు. "చావిల్లు ఇది, నోర్మూసుకో" అన్నాను. మూసుకున్నాడు. ఆయనకీ సిగ్గుండాలి.

ముగ్గురు రాజుల పండుగ ఆదివారం. పూజ అయి జనం గుడి మెట్ల మీద సిగరెట్లు వెలిగించుకునే వేళకి, రోడ్డు మధ్యలో కోడెల్ని తోలుకుంటూ వచ్చాను. వేరే దారుంది. కావాలనే ఇలా వచ్చాను.

బెర్నీ గొంతు వినిపించింది. "ఎక్కడికమ్మా, పండగ పూట సంతకా?"

"డిన్నీకి తోలిస్తున్నా" అన్నాను.

"అదేంటి, ఆయనే కదా ఇచ్చాడు?"

"ఇచ్చాడు. నావి చచ్చింది ఆయన వల్ల కాదు. నా వల్ల. ఆయన రాకముందే పొట్టలు కుళ్లున్నాయి, బార్లీ తొందరపడి పోసింది నేను. ఆయన నేను చెప్పినంతే పోశాడు. విన్నారా అందరూ? వెనకున్నవాళ్లకి వినపడిందా, మళ్లీ చెప్పనా?"

టమ్నీ కొడుకు నేల చూశాడు. ఫాదర్ గారు లోపలికి వెళ్లిపోయారు, చల్లగా.

డిన్నీ తన గేటు దగ్గరే ఉన్నాడు. ఎవరో ముందే పరిగెత్తి చెప్పినట్టున్నారు. కోడెలు ఇల్లు గుర్తుపట్టి వాటంతటవే లోపలికి పోయాయి. నేను ఏదో చెప్పబోయాను. చెయ్యెత్తి ఆపాడు.

"నీకు ఎప్పుడు తెలిసింది?"

"ఆ రోజే."

"ఆ రోజే" అన్నాడు. ఆయన గొంతు అలా ఉంటుందని నాకు తెలీదు అక్కా. "నేను రోజూ పొద్దున లేచి నా చేతులు చూసుకుంటున్నా. ఎన్ని బకెట్లు పోశానో గుర్తు రాక, బుర్ర పోతోందేమోనని డాక్టరు దగ్గరికి కూడా వెళ్లొచ్చా. నాకు మతిమరుపేమోనని నేను భయపడుతుంటే నువ్వు నా కోడెలకి మేత వేస్తున్నావు."

"డిన్నీ..."

"గేటు వెయ్యి పిల్లా. బయట్నుంచి."

వేశాను.

ఇప్పుడు చెప్పు, నువ్వడిగినట్టే జరిగింది కదా. ఏం బాగుపడింది?

డింప్నా


క్లూనారా మఠం
జనవరి 13

డింప్నా,

విప్పాను.

ఆయన కోపం న్యాయం. దాన్ని తగ్గించే పని నీది కాదు. కేకు పట్టుకుని ఆ గడప ఎక్కకు. ఇంకో పూజలో క్షమాపణలూ వద్దు, ఒకసారి చాలు. మెట్ల మీద నీ గొంతు వినపడని వాళ్లుండరు.

టాన్సీకి నేను రాశాను. నాలుగు వాక్యాలు. ఆయనకి అవి నచ్చి ఉండవు.

ఒక్కటి మాత్రం వెంటనే చెయ్యి. ఆ మూడూ ఇన్నాళ్లూ నీ బార్లీ మీద ఉన్నాయి. డిన్నీ దగ్గర గింజ ఉండదు, వట్టి ముతక ఎండుగడ్డి. నిన్న గింజ తిన్న పొట్టకి ఇవాళ వట్టి గడ్డి వేస్తే, దాన్ని అరిగించేవాళ్లు లోపల లేరు. బార్లీ కొంచెం కొంచెంగా మాన్పించాలి. ఎంత పోసేదానివో ఆయనకి తెలియాలి. నోటితో వినడు. బస్తా తీసుకెళ్లి గేటు దగ్గర పెట్టి, మీద సుద్దతో రాసి వచ్చెయ్యి.

ఏం బాగుపడిందని అడిగావు. నాకు తెలియదు.

అక్క


డ్రమ్‌లాహన్
జనవరి 29

అక్కా,

బస్తా పెట్టాను. మూడు రోజులు వానలో నానింది. నాలుగో రోజు నా గేటు దగ్గరకి తిరిగొచ్చింది, ముడి విప్పకుండానే.

ఇంకో మాట చెప్పాలి. మెట్ల మీద నేను అరిచిన వారానికే లాహన్ కొండ కింద ఫ్లానెల్లీ ముసలాయన పోయాడు. కొడుకు తిన్నగా డిన్నీ ఇంటికే వెళ్లాడు, కొట్టం తాళం పట్టుకుని. నాకు సంతోషమేసింది, పైకి అనకూడదు గానీ. డిన్నీ తలుపు సగం తీసి, "నేను ఇంక ఎవరి పశువుల్నీ ముట్టను, ఇంకొకర్ని చూసుకో" అని వేసేశాడట. ఊరు పిలిచింది, ఆయన వెళ్లలేదు. పేరు తిరిగిచ్చాననుకున్నాను. చేతులు తిరిగివ్వలేదు.

నువ్వన్నట్టే అయింది. పోయిన వారం సోమవారం మధ్యాహ్నం ఆయన మన గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. లోపలికి రాలేదు. నా వైపు చూడలేదు. గేటు కమ్మీతో మాట్లాడినట్టు మాట్లాడాడు.

"ఎర్ర కోడె మేత ముట్టలేదు. నెమరు ఆగింది. టాన్సీ ఎక్కడో బాయిల్ పట్నం అవతల ఈనలేని ఆవు దగ్గరున్నాడట, సాయంత్రానికి గానీ రాడు."

నేను కోటేసుకున్నాను. ఆయన కొట్టంలో ఎర్రది మూలన నిలబడి ఉంది, కళ్లు లోపలికి పోయి. పొట్ట మీద చెవి పెడితే ఏ చప్పుడూ లేదు. ఎంతసేపు విన్నా లేదు.

"నీ దగ్గర ముసలావు ఉంది కదా" అన్నాడు, కమ్మీతోనే. "మా నాన్న అలా చేసేవాడు."

నాకు అర్థమైంది, కానీ నాకు చేతకాదు. బాగున్న ఆవు నెమరు వేస్తుండగా, ముద్ద గొంతులోంచి పైకొచ్చిన క్షణంలో నోట్లో చెయ్యిపెట్టి లాక్కోవాలి. దాన్ని గోరువెచ్చటి నీళ్లలో కలిపి జబ్బుదానికి తాగించాలి. ఆవు పొట్టలో కాపురమున్నవాళ్లని ఎర్రదాని పొట్టలోకి కాపురం పంపడమన్నమాట. పాతకాలం వాళ్లు ఎందుకో తెలీకుండానే చేశారు. మన ముసలావుని తోలుకెళ్లాను. రెండుసార్లు ప్రయత్నించాను, రెండుసార్లూ వేళ్లు కొరికింది. ముద్ద మింగేసింది.

"చచ్చినా రాదు నీకు" అన్నాడు డిన్నీ. "నీది తొందర చెయ్యి."

"అయితే నువ్వే పెట్టు."

"నేను ముట్టనన్నాను కదా."

"నీ పశువే కదా చచ్చేది. నిలబడి చూడు మరి."

చాలా మొరటుగా అన్నాను అక్కా. నాకూ కోపమొచ్చింది. ఇంత బతుకూ బతికి, నా ఒక్క అబద్ధానికి చేతులు ముడుచుకుని కూర్చుంటాడా? అదే అన్నాను. ఇంకా చాలా అన్నాను. ఆయన కూడా అన్నాడు. మన అత్త పేరు తీసి, "విన్నీ నిన్ను పెంచలేదు, నువ్వే పెరిగావు కలుపుమొక్కలా" అన్నాడు. ఆవు మా ఇద్దర్నీ చూస్తూ హాయిగా నెమరు వేసుకుంటోంది.

తిడుతూ తిడుతూనే ఆయన చొక్కా చెయ్యి మడిచాడు. మాట మధ్యలో ఆపి, ఆవు గొంతు చూశాడు. చెయ్యి పోయింది, వచ్చింది. పిడికిట్లో ఆకుపచ్చ ముద్ద, ఆవిరి కక్కుతూ. ఆవుకి తెలిసినట్టు కూడా లేదు. మళ్లీ అలాగే, మళ్లీ అలాగే, గిన్నె సగం అయ్యేదాకా.

నేను ఎర్రదాని తల పట్టుకున్నాను, ఆయన గొట్టంతో పోశాడు. "ఇంకా పైకెత్తు. ఇంకా. ఊపిరితిత్తుల్లోకి పోతుంది, ఆడదానివి నీకెవరు నేర్పారు తల పట్టడం?" అన్నాడు. "నువ్వే" అన్నాను. అవును కదా, ఆయనే నేర్పాడు.

రెండో రోజుకి పొట్ట కదిలింది. మూడో రోజు నెమరు వేసింది. ఎండుగడ్డిలో పిడికెడు బార్లీ కలుపుతున్నాడు ఇప్పుడు, తగ్గించుకుంటూ వస్తున్నాడు. బస్తా అడగలేదు. నేను అటు తిరిగినప్పుడు తీసుకుపోయాడు.

నిన్న పొద్దున వాకిట్లో నిలబడి, "నీ మీద కోపం పోలేదు" అన్నాడు.

"తెలుసు."

"పోతుందని కూడా చెప్పను."

"అడగలేదు."

"కొండకవతల గ్రాల్టన్ వాళ్లమ్మ పోయింది, విన్నావా? ఆ అబ్బాయి తాళం తెచ్చాడు. నేను నడవలేను అంత దూరం. ట్రాక్టరు తియ్యి."

తీశాను. చావింటి వాకిట్లో జనం. నన్ను దిగొద్దన్నాడు. ఆ కుర్రాడు ఏడ్చి ఏడ్చి మొహం ఉబ్బి ఉన్నాడు, కొట్టం తలుపు తీసి, "రోజూ వేసేదే వెయ్యండి డిన్నీ" అన్నాడు.

డిన్నీ కదల్లేదు. టోపీ సర్దుకున్నాడు. నాకు వినపడేలా, జనానికి వినపడేలా అడిగాడు:

"ఎంత వేస్తున్నావు బాబూ, ఎన్నాళ్ల నుంచి వేస్తున్నావు? పేడ ఎలా ఉంది? ముందు అది చూపించు. చూశాకే బకెట్ ముట్టుకుంటాను."

కుర్రాడు చూపించడానికి లోపలికి తీసుకెళ్లాడు. నేను ఇంజను ఆపి, ఆయన వచ్చేదాకా కూర్చున్నాను.

డింప్నా